పెద్దింటి మాటకారి పాత్రని గిరీశంలా ఆడకండి

[తెర మీద: ఖాళీ ప్లేటు]

నమస్కారమండీ. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగువాళ్ళు వేసే నాటకాల్లో ఒకటి చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మాటకారి పెద్దింటి పాత్ర దొరికితే చాలు, గిరీశంలా ఆడేస్తారు. డైలాగ్ అనడం, కన్ను గీటడం, జనం వైపు తిరగడం!

గిరీశం వేరు. కోతలు కోస్తున్నానని అతనికి తెలుసు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1895 ఫిబ్రవరి 14న లండన్ సెయింట్ జేమ్స్ థియేటర్‌లో ఆస్కార్ వైల్డ్ నాటకం ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’ స్టేజీ ఎక్కింది. అందులో పెద్దింటి కుర్రాడు ఆల్జెర్ననూ అప్పులవాడే. కానీ లోకం తనకోసమే నడుస్తోందని నిజంగా నమ్ముతాడు.

ఈ ప్లేటు చూడండి. తల్లి తోబుట్టువైన ఆంటీ వస్తోందని ఆల్జెర్నన్ కీరా శాండ్‌విచ్‌లు చేయించాడు. స్నేహితుడు ఒకటి తీయబోతే, అవి ఆంటీకోసమని ఆపేస్తాడు. తను మాత్రం తింటూనే ఉంటాడు. ఆంటీ వచ్చేసరికి ప్లేటు ఖాళీ. అప్పుడు నౌకరు లేన్‌ని, శాండ్‌విచ్‌లు ఏవని నిలదీస్తాడు. లేన్ తొణక్కుండా, బజార్లో కీరాలే దొరకలేదంటాడు.

ఆ నిలదీయడంలో ఆల్జెర్నన్ చిరునవ్వు నవ్వాడా, సీను పోయినట్టే. అతనిది నిజమైన ఆశ్చర్యం, నిజమైన బాధ కావాలి. నవ్వాల్సింది జనం.

అందుకే కేస్టింగ్‌లో పొడుగూ రంగూ గంభీరమైన గొంతూ చూడకండి. గ్రూపులో అందర్నీ నవ్వించే కుర్రాణ్ణి అసలే తీసుకోకండి, వాడు నవ్వుకోసం వెంపర్లాడతాడు. చేతికి ప్లేటు ఇచ్చి, తింటూ మాట్లాడమనండి. తొందరపడనివాడే మీకు కావాల్సినవాడు. ఎదుటివాడి మాట మీద కొరకాలి, తన వంతు వచ్చేలోగా మింగెయ్యాలి. ముక్కలు చిన్నవి, అంచులు తీసిన మెత్తటి బ్రెడ్, కీరా పల్చగా. ఆఖరి నిమిషంలో చేయించండి, లేకపోతే నీరు దిగిపోతుంది. రిహార్సల్‌లోనూ నిజంగా తినాలి. ఉత్తి చేతులతో చేస్తే ఈ లెక్క ఎప్పటికీ కుదరదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. వాక్యం చివర గొంతు దించకండి, చమత్కారం ఉండేది అక్కడే. ఆ మాట అంటున్నప్పుడు స్టేజీ మీద ఇంకెవ్వరూ కదలకూడదు. నవ్వు తగ్గుముఖం పట్టగానే తర్వాతి మాట అందుకోవాలి, పూర్తిగా చల్లారేదాకా ఆగకూడదు. తెలుగులో వేస్తే వాడుకభాషే ఉంచండి. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో కూడా పెద్దింటివాడనగానే గ్రాంథికం మాట్లాడిస్తే ఎలాగండీ?

ఆ లేన్ వేషం మాత్రం, నాలుగు మాటలే కదా అని కొత్తవాడికి ఇచ్చెయ్యకండి. ఖాళీ ప్లేటు సీను నిలబడేది అతని జవాబు మీదే. గ్రూపులో టైమింగ్ బాగా తెలిసిన పెద్దాయన్ని వెయ్యండి.