చివరి నల్లా కాడ నీళ్లు చూడండి

(మునుగోడు దిక్కు గ్రామ పంచాయతీల నీళ్ల సిబ్బందికి పెట్టిన శిక్షణల మాట్లాడింది. రాసి పెట్టమని చాలామంది అడిగిన్రు, అందుకే మాట్లాడింది మాట్లాడినట్టే పెడుతున్న.)

అందరికి నమస్కారం. సర్పంచులకు, కార్యదర్శులకు, వార్డు మెంబర్లకు, ఇంకా ముఖ్యంగా వెనక కుర్చీలల్ల కూసున్న వాటర్‌మ్యాన్ అన్నలకు, తమ్ముళ్లకు. మీరు జర ముందుకు రండి, ముందు వరుస ఖాళీగనే ఉన్నది, ఇయ్యాల మాట్లాడేదంత మీ పని గురించే.

మన మర్రిగూడ, చండూరు, నారాయణపురం దిక్కు నీళ్ల సంగతి ఎవరికీ కొత్తగ చెప్పే పని లేదు. గారపట్టిన పండ్లు, వంగిన నడుములు, నలభై ఏండ్లకే కట్టె పట్టిన మనుషులు, ఇవన్నీ మన ఇండ్లల్ల చూసినయే, నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చినయే. మన కింద ఉన్నది గ్రానైట్ రాయి, దాంట్ల ఫ్లోరైడ్ ఉంటది, నీళ్లు ఆ రాయిల ఎన్ని ఏండ్లు నిలిస్తే అంత ఫ్లోరైడ్ కరిగి కలుస్తది, అందుకే బోర్లు లోతుకు పోయినకొద్ది కష్టం ఎక్కువైంది. తాగే నీళ్లల్ల లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలె, వేరే నీళ్ల దిక్కే లేదంటే 1.5 దాక ఒప్పుకుంటరు. కాగబెట్టి తాగితే పోతదని ఇప్పటికీ అనేటోళ్లు ఉన్నరు. పోదు. కాగబెడితే నీళ్లు ఆవిరైపోయి మిగిలిన దాంట్ల ఇంకింత చిక్కబడతది. ఈ ఒక్క ముచ్చట మీ ఊర్లె ముసలోళ్లకు చెప్పండి.

1970లల్ల నాగ్‌పూర్ల ఉన్న నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి, బాగ కలియబెట్టి, తేర్చి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తీసిన్రు, దానికి నల్లగొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టిన్రు, బయటి దేశాల పుస్తకాలల్ల కూడా అదే పేరు. కానీ ఆ పద్ధతితోని పెట్టిన ప్లాంట్లు చాలా ఊర్లల్ల ఎందుకు మూలకు పడ్డయి? పద్ధతి చెడ్డదై కాదు. పటిక అయిపోతే తెచ్చేటోళ్లు లేరు, నీళ్ల గుణం బట్టి ఎంత పొయ్యాల్నో లెక్క కట్టేటోళ్లు లేరు, అడుగుకు దిగిన బురద తీసేటోళ్లు లేరు. ఇది మనసుల పెట్టుకోండి, నేను చెప్పేది మొత్తం దీని మీదనే, నీళ్ల పథకం కట్టుడు ఒక్కసారి పని, నడుపుడు దినాం పని.

ఇప్పుడు కృష్ణమ్మ నీళ్లు వస్తున్నయి. సాగర్ వెనక నీళ్లు పుట్టంగండి కాడ ఎత్తి అక్కంపల్లికి పోస్తున్నరు, పాలమూరు దిక్కు ఎల్లూరు కాడ శ్రీశైలం నీళ్లు తీస్తున్నరు. ఇంటింటికి నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకానికి 2015ల చౌటుప్పల్ కాడ పైలాన్ లేపిన్రు, 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండల ప్రధానమంత్రి ప్రారంభం చేసిండు. ఊర్లల్ల మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీలల్ల 135, కార్పొరేషన్లల్ల 150 అని లెక్క. అంత దూరం నుంచి అన్ని గుట్టలు దాటి నీళ్లు మన ట్యాంకు దాక వచ్చినయి, ఇది చిన్న పని కాదు. ఇగ ట్యాంకు కాడికెళ్లి ఇంటి దాక ఉన్న ఆ కిలోమీటరు, రెండు కిలోమీటర్లు మన చేతులల్ల ఉన్నది, అక్కడనే మనం తప్పుతున్నం అని నాకు గట్టిగ అనిపిస్తది.

మొదలు లెక్క చూద్దాం. 3,000 మంది ఉన్న ఊరికి 100 లీటర్ల చొప్పున రోజుకు 3 లక్షల లీటర్లు కావాలె. మీ ట్యాంకు 60 వేల లీటర్లదైతే రోజుకు ఐదుసార్లు నిండి ఐదుసార్లు ఖాళీ కావాలె. రెండుసార్లే నిండుతుందంటే మనిషికి 40 లీటర్లే వస్తున్నట్టు, మరి ట్యాంకు నిండింది కదా అని మనం సంతోషపడితే ఎట్ల? ఎన్నిసార్లు నిండింది, ఎన్ని గంటలకు నిండింది అని ఒక నోటుబుక్కుల రాసేటోళ్లు ఎంతమంది ఉన్నరు ఇక్కడ, చెయ్యి ఎత్తండి. తక్కువనే ఉన్నరు. రాయండి, పై ఆఫీసుల నీళ్లు తక్కువ వస్తున్నయని అడగాలన్నా చేతుల ఆ బుక్కు ఉంటేనే మాట నిలబడతది.

ఇంకొక పెద్ద సంగతి, ఫ్లోరైడ్ ఉన్న మన జిల్లాల ఇది ముఖ్యంగ చూడాలె. ఒకరోజు పై నుంచి నీళ్లు రాకపోతే జనం గడబిడ చేస్తరని, పాత బోరు మోటరు ఆన్ చేసి ఆ నీళ్లు కూడా అదే ట్యాంకుల పోస్తున్నరు. దయచేసి పొయ్యకండి. ఉదాహరణకు మీ బోరుల లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉంది, నది నీళ్లల్ల అర మిల్లీగ్రాము ఉంది అనుకుందాం, రెండూ సగం సగం కలిస్తే 2.25 అయితది. అంటే కృష్ణ నీళ్లు అనుకుంట మళ్ల పాత విషమే తాగుతున్నట్టు. నల్లాల నీళ్లు చూస్తే తెల్వది, వాసన రాదు, రుచి మారదు, ఏండ్ల తర్వాత పిల్లగాండ్ల పండ్ల మీద కనపడతది. బోరు నీళ్లను వేరే తొట్టిల పోయండి, పశువులకు, బట్టలకు, బాసండ్లకు వాడుకుంటరు, తాగేటియి వేరే అని మైకుల చెప్పండి, వాట్సాప్ గ్రూపుల పెట్టండి, జనం అర్థం చేసుకుంటరు, మనం చెప్పనందుకే కలిపి తాగుతున్నరు.

ఇప్పుడు పంపకం. ప్రతి ఊర్లె ఒక ఎత్తు గడ్డ ఉంటది, ఎక్కువ ఊర్లల్ల ఆ గడ్డ మీదనే పేదోళ్ల కాలనీ ఉంటది, నీళ్లు వాళ్లకే అందయి. ఎందుకంటే పది మీటర్ల ఎత్తు నీళ్లకు సుమారు ఒక కేజీ ప్రెషర్ వస్తది, అంతే, మన ట్యాంకు ఎత్తే అంత ఉంటది, దాంట్ల పైపు రాపిడికి కొంత పోతది, పల్లపు గల్లీలల్ల నల్లాలు బార్లా తెరిచి ఉంటే మిగిలింది అక్కడనే పోతది, గడ్డ మీదికి ఎక్కే శక్తి ఉండదు. ఇంజనీరింగ్ చదవకున్నా దీనికి దారి ఉన్నది, ఊరిని రెండు మూడు భాగాలు చేసి, మొదలు గడ్డ మీది వాల్వ్ తెరవండి, పల్లం వాల్వ్ మొత్తం బంద్ పెట్టండి, గడ్డోళ్లది అయినంక పల్లానికి ఇడవండి. టైం మార్చకండి, టైం తెలిస్తే జనం నల్లా కాడ రోజంతా కూసోరు.

వాల్వ్ గురించి వాటర్‌మ్యాన్ అన్నలకు ఒక మాట. గేట్ వాల్వ్ అయితే పూర్తిగ తెరవాలె లేకపోతే పూర్తిగ మూయాలె, సగం తెరిచి పెడితే లోపలి గేటు నీళ్ల ఊపుకు కొట్టుకుని అరిగిపోతది, తర్వాత ఎంత తిప్పినా మూసుకోదు. తిప్పేటప్పుడు నెమ్మదిగ తిప్పండి, గబుక్కున మూస్తే పారే నీళ్లు ఆగలేక పైపుల దెబ్బ కొడతయి, జాయింట్లు ఊడేది అట్లనే. ఏ వాల్వ్ ఎన్ని చుట్లు తిరుగుతదో రాసి పెట్టుకోండి, పన్నెండు చుట్లు తిరగాల్సింది ఎనిమిదికే ఆగితే లోపల ఏదో చిక్కినట్టు.

నల్లా పైపుకు నేరుగ మోటరు బిగించుడు గురించి కొంచెం గట్టిగనే చెప్త. పక్కింటోళ్ల నీళ్లు గుంజుకునుడు ఒక్కటే కాదు అది. మోటరు గుంజినప్పుడు పైపుల ఖాళీ పడతది, ఎక్కడ పగులు ఉంటే అక్కడ చుట్టు ఉన్న మోరి నీళ్లు లోపలికి పోతయి. సప్లై బంద్ ఉన్న గంటలల్ల కూడా ఇదే అయితది. మన వాల్వ్ గుంతలు ఒక్కసారి మూత తీసి చూడండి, వానకాలం వస్తే సగం దాక నల్లటి నీళ్లు, దాంట్ల వాల్వ్ మునిగి ఉంటది, దాని గ్లాండ్ (తిప్పే కడ్డీ చుట్టు నీళ్లు కారకుండ బిగించే భాగం) కాడ లీకు ఉంటది. ఆ నీళ్లే పొద్దుగాల మొదటి బిందెల వస్తయి. ఊర్లె విరేచనాలు మొదలైతే నల్లా నీళ్లల్ల ఎక్కడ కలిసిందని మొట్టమొదలు ఆ గుంతలే ఎత్తి చూడాలె.

అందుకే క్లోరిన్. ప్లాంటు కాడ కలిపి పంపినా దూరం వచ్చేసరికి తగ్గిపోతది, మళ్ల మన ట్యాంకుల కలపాలె. బ్లీచింగ్ పౌడర్ కొత్తదైతే 33 శాతం దాక క్లోరిన్ ఉంటది, సంచి మూతి తెరిచి ట్యాంకు కింద ఎండల, తడిల పడేస్తే నెలల తరబడి కాదు, వారాలల్లనే బలం పోతది, తర్వాత మనం పోసేది ఉత్త సున్నమే. 25 శాతం ఉన్నదనుకుంటే వెయ్యి లీటర్లకు 4 గ్రాములు పోస్తే 1 పీపీఎం, అంటే లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ వస్తది, 60 వేల ట్యాంకుకు 240 గ్రాములు. పౌడర్ నేరుగ చల్లకండి, బకెట్ల కలిపి, సున్నం అడుగుకు దిగినంక పై తేట మాత్రమే పోయండి, ట్యాంకు నిండేటప్పుడు పోస్తే బాగ కలుస్తది, అరగంట ఆగినంకనే ఇడవండి.

పోసినం అంటే సరిపోదు, చివరి నల్లా కాడ చూడాలె. ఈ చిన్న గాజు గొట్టం చూడండి, దీంట్ల నల్లా నీళ్లు గీత దాక పట్టి, ఈ మందు చుక్కలు వేసి ఊపితే పసుపు రంగు వస్తది, పక్కన ఉన్న రంగుల పలకతోని పోల్చాలె. క్లోరిన్ కనీసం 0.2 పీపీఎం ఉండాలె. ట్యాంకు పక్క ఇంట్లె ముదురు పసుపు వస్తది, అందరం ఫోటో తీసుకుంటం. అదే ఊరి చివర, పైపు అయిపోయే కాడ పట్టి చూస్తే నీళ్లు నీళ్లలెక్కనే ఉంటయి, రంగే మారదు. అక్కడి పిల్లలే ఎక్కువ పడకపడతరు. రిజిస్టర్‌ల రాసేటప్పుడు ట్యాంకు పక్క లెక్క కాదు, ఈ చివరి నల్లా లెక్క రాయండి.

లీకుల కోసం పెద్ద మిషన్లేం వద్దు. రాత్రి ట్యాంకు నింపి, కింది వాల్వ్‌లన్నీ మూసి, నీళ్లు ఎంత ఎత్తు ఉన్నయో గుర్తు పెట్టుకోండి, తెల్లారి చూడండి. 60 వేల ట్యాంకు నాలుగు మీటర్ల లోతుదైతే పది సెంటీమీటర్లు దిగినా 1,500 లీటర్లు పోయినట్టు. ట్యాంకే కారుతుందా, వాల్వ్ సరిగ మూసుకుంటలేదా తెలుస్తది. తర్వాత రాత్రికొక గల్లీ వాల్వ్ తెరిచి పెట్టి, ఆ గల్లీ నల్లాలన్నీ కట్టించి చూస్తే ఏ లైన్ల నీళ్లు మాయమైతున్నయో దొరుకుతది. అందరికి సమానంగ నీళ్లు పోవాలని ఇంటింటికి పెట్టిన, ధారను అదుపు చేసే ఫ్లో కంట్రోల్ వాల్వ్ పీకేసిన ఇండ్లు కూడా అప్పుడే బయటపడతయి, ధార సన్నగ వస్తుందని పీకుతరు, దాంతోని వెనకిండ్లకు అసలే రాదు.

సర్పంచులకు, కార్యదర్శులకు రెండు విన్నపాలు. పైపులు ఎక్కడ పోయినయో ఈ అన్నల బుర్రలల్లనే ఉన్నది, కాయితం మీద లేదు, వీళ్లకు రేపు ఏమన్నా అయితే ఊరంతా తవ్వాలె. ఒకరోజు వీళ్లతోని తిరిగి మ్యాప్ గీయించి పంచాయతీ గోడకు పెట్టండి. రెండోది, జీతం. పొద్దుగాల నాలుగింటికి లేచి వాల్వ్ తిప్పే మనిషికి నెలలకు నెలలు జీతం ఆపి, నీళ్లు ఎందుకు రాలేదని తిట్టుడు న్యాయం కాదు. 15వ ఆర్థిక సంఘం 2021-26కు ఇచ్చిన గ్రాంటుల 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనికే ఖర్చు పెట్టాల్సినయి, దాంట్ల సగం తాగునీళ్లకే పెట్టిన్రు. గుంతకు మూత, వాల్వ్ గ్లాండ్, టెస్ట్ కిట్ మందు, ఇవి లక్షల పనులు కావు, ఎస్టిమేట్ రాసి పెట్టండి.

భోజనాలైనంక ఇక్కడి ట్యాంకు కాడికి పోదాం, అక్కడికెళ్లి పైపు లైను పట్టుకుని ఊరి చివరి దాక నడుద్దాం, ప్రతి వాల్వ్ గుంత మూత తీసి చూద్దాం. కిట్లు రెండే ఉన్నయి కాబట్టి రెండు బ్యాచులుగ చేసుకుందాం, మొదటి పరీక్ష వాటర్‌మ్యాన్ అన్నలే చెయ్యాలె.