సెలైన్ సీసాలో ఏముంది?

అక్కలకూ, చెల్లెళ్ళకూ, అరుగు మీద కూర్చున్న పెద్దలకూ నమస్కారం. మిరప కోతలు అయిపోయినట్టున్నాయి, అందుకే పగటిపూట ఇంతమంది రాగలిగారు. చేతుల మంట ఇంకా తగ్గి ఉండదు. మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను.

నేను 34 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఈ పల్నాడు వైపే. కొన్ని వేల చేతులకు సెలైన్ పెట్టి ఉంటాను. నాకు బాగా గుర్తున్న మాట ఒకటుంది. కోతలు అయ్యాక, వరి నాట్లు అయ్యాక, పెళ్ళిళ్ళ చాకిరీ అయ్యాక ఆడవాళ్ళు వచ్చి, "సిస్టరమ్మా, ఒళ్ళంతా లాగేస్తోంది, కాళ్ళలో సత్తువ లేదు, ఒక సీసా పెట్టు, రేపు మళ్ళీ కూలికి పోవాలి" అనేవాళ్ళు. డాక్టరుగారు అక్కర్లేదంటే మొహం చిన్నబుచ్చుకుని ఊళ్ళో ఆరెంపీ దగ్గరికి పోయేవాళ్ళు. అక్కడ పసుపు సీసా దొరికేది.

ఆ సీసాలో ఏముందో ఇవాళ లెక్కపెట్టి చెబుతాను. అర లీటరు గ్లూకోజు సెలైన్ తీసుకోండి. అందులో 25 గ్రాముల గ్లూకోజు ఉంటుంది, అంటే అయిదు చెంచాల చక్కెరంత. దాని నుంచి ఒంటికి వచ్చే శక్తి 100 క్యాలరీల లోపే. రెండు ఇడ్లీలు తింటే అంత వస్తుంది. ఉప్పు నాలుగున్నర గ్రాములు. మనిషి రోజు మొత్తం మీద తినే ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ రోజు మీరు తిన్న పచ్చడి, చారు, మజ్జిగ సంగతి అలా ఉంచండి, ఒక్క సీసాతోనే ఆ లెక్క దాదాపు నిండిపోయింది. మిగతాదంతా నీళ్ళు. బీపీ ఉన్న మనిషికి ఇదేం చేస్తుందో మీరే ఆలోచించండి.

మరి పసుపు రంగు? బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్ కలిపితే వచ్చే రంగు అది. అందులో రైబోఫ్లేవిన్ అనే విటమిన్ పసుపుగా ఉంటుంది. ఒళ్ళు తనకు కావలసినంత ఉంచుకుని మిగతాది మూత్రంలో పంపేస్తుంది. సీసా పెట్టించుకున్నాక మూత్రం చిక్కటి పసుపుగా వస్తే, "వేడి పోతోంది" అని మీరు సంతోషపడతారు. పోతున్నది మీరు డబ్బు పెట్టి ఎక్కించుకున్న విటమినే.

"అదేంటమ్మా, పెట్టించుకుంటే నాకు నిజంగానే బాగుంటుందిగా" అని మీలో సగం మంది మనసులో అనుకుంటున్నారు. బాగుంటుంది. మీరు అబద్ధం చెప్పడం లేదు. ఎందుకు బాగుంటుందో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఒక మధ్యాహ్నం వార్డులో నిలబడి చూస్తున్నాను. అయిదు మంచాలు, అయిదుగురు ఆడవాళ్ళు, అయిదు సీసాలు. అందరూ నిద్రపోతున్నారు. ఒకామె నోరు తెరిచి, చిన్నపిల్లలా. తెల్లారుజామున నాలుగింటికి లేచి, వండి, పిల్లల్ని బడికి పంపి, ఆటోలో వేలాడుతూ చేనుకు పోయి, చీకటి పడ్డాక వచ్చి మళ్ళీ పొయ్యి ముందు కూర్చునే మనిషి పట్టపగలు రెండు గంటలు వెల్లకిలా పడుకోవడం ఆ మంచం మీద తప్ప ఎక్కడ కుదురుతుంది? పక్కన మొగుడు కూర్చుని ఉన్నాడు. "తగ్గిందా" అని అడుగుతున్నాడు. అత్తగారు క్యారియరు పంపింది. చేతిలో సూది ఉంది కాబట్టి ఎవరూ లేవమనరు. ఆ సూది లేకుండా ఆమె ఇంట్లో అలా పడుకుంటే ఏమంటారో మీకు తెలుసు. ఈ మాట ఇక్కడున్న మగవాళ్ళకు కూడా చెబుతున్నాను. ఆమెకు కావలసిన మందులో సగం మీ ఇంట్లోనే ఉంది.

మిగతా సగం గురించి చెప్పాలంటే మన భీమవరంలో పుట్టిన ఒక మహానుభావుడి దగ్గరికి పోవాలి. యల్లాప్రగడ సుబ్బారావుగారు, 1895లో పుట్టారు. అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో ఫిస్కే అనే ఆయనతో కలిసి 1929లో మన కండల్లో ఏటీపీ అనే పదార్థాన్ని కనిపెట్టారు. మీరు కాయ కోసినా, బుట్ట ఎత్తినా, ఇప్పుడు రెప్ప వేసినా ఖర్చయ్యేది అదే. ఒళ్ళు దాన్ని తిన్న తిండి నుంచి, పీల్చిన గాలిలోని ఆక్సిజన్ సాయంతో తయారుచేసుకుంటుంది. విటమిన్లు ఆ పనిలో చేయి వేసే మనుషుల్లాంటివి. పొయ్యిలో కట్టెలు లేనప్పుడు విసిరేవాళ్ళను ఎంతమందిని పెట్టినా అన్నం ఉడకదు. కట్టెలు తిండి. గాలి ఆక్సిజన్, దాన్ని మోసుకొచ్చేది రక్తంలోని హిమోగ్లోబిన్. ఆ హిమోగ్లోబిన్‌కు ఇనుము కావాలి. మన సీసాలో ఇనుము లేదు. చుక్క కూడా లేదు.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి ఉందని తేలింది. మీ పక్కన కూర్చున్న ఇద్దర్నీ చూడండి. మీతో కలిపి ముగ్గురిలో ఒకరికో ఇద్దరికో రక్తం తక్కువే. నీరసం అక్కడి నుంచి వస్తుంటే ఉప్పునీళ్ళు ఎక్కించుకుని ఏం లాభం?

ఒకామె మూడు నెలలు ఇలాగే సీసాలు పెట్టించుకుని మా దగ్గరికి వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం, కళ్ళ కింద పాలిపోయింది. హిమోగ్లోబిన్ 5. ఉండాల్సింది 12. నెలసరి పదేసి రోజులు అవుతోందని ఎవరికీ చెప్పుకోలేదు, ఎవరూ అడగలేదు. గర్భసంచిలో గడ్డ. ఆ మూడు నెలల్లో ఆమె సీసాలకు పెట్టిన డబ్బు కూలి డబ్బే.

ఇంకొకటి, చెప్పడానికి ఇప్పటికీ నా గొంతు పట్టుకుంటుంది. డెబ్బై ఏళ్ళ పెద్దాయన. నీరసంగా ఉందంటే కొడుకులు ప్రేమకొద్దీ ఒకే సాయంత్రం రెండు సీసాలు పెట్టించారు. ఆయన గుండె అప్పటికే బలహీనంగా ఉంది, ఆ నీరసం దానిదే. రాత్రి పదకొండింటికి మా దగ్గరికి తెచ్చారు. కూర్చోలేడు, పడుకోలేడు, నోట్లో నురగ, ఊపిరితిత్తుల నిండా నీళ్ళు. ఒంట్లో నీళ్ళను మూత్రంలో దింపే లాసిక్స్ మందు ఇచ్చి, ఆక్సిజన్ పెట్టి, తెల్లవార్లూ చేశాం. దక్కలేదు. కొడుకులు తండ్రికి మంచి చేద్దామనే చేశారు. అందుకే ఇవాళ నేను ఊరూరా తిరుగుతున్నాను. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఆ నీళ్ళు బయటికి పోయే దారి ఉండదు. ఉద్దానం వైపు ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో మీరు వినే ఉంటారు. షుగరు ఉన్నవాళ్ళకు గ్లూకోజు సీసా ఏం చేస్తుందో వేరే చెప్పాలా.

సెలైన్‌ను నేను తక్కువ చేయడం లేదు. 1832లో స్కాట్లాండ్‌లో కలరా వచ్చినప్పుడు లాటా అనే డాక్టరు మొదటిసారి ఉప్పునీళ్ళు నరంలోకి ఎక్కించాడు. చావుబతుకుల్లో ఉన్న ఒక ముసలమ్మ తేరుకుని మాట్లాడింది. ఆయన అటు వెళ్ళగానే మళ్ళీ విరేచనాలు పట్టుకున్నాయి, కొన్ని గంటల్లో పోయింది. పోతున్న నీళ్ళను నింపడమే సెలైన్ పని. వాంతులు విరేచనాలై నాలుక పిడచకట్టుకుపోతే, వడదెబ్బ తగిలి మనిషి సోలిపోతే, డెంగీలో రక్తం చిక్కబడితే ఒక్క నిమిషం ఆలస్యం చేయకండి. స్పృహలో ఉండి తాగగలిగితే మాత్రం ముందు ఓఆర్ఎస్, అంటే ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు, తాగించండి. 1971లో బెంగాల్ సరిహద్దులోని బంగావ్ అనే ఊళ్ళో శరణార్థులకు కలరా వచ్చి, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనోబిస్ డ్రమ్ములతో ఆ నీళ్ళే పోయించి వేలమందిని బతికించారు.

నరంలోకి ఎక్కించే మందుల్లో నీరసానికి పనికొచ్చేవి కూడా ఉన్నాయి. గర్భిణికి రక్తం బాగా తగ్గి మాత్రలు సరిపోకపోతే ఐరన్ సుక్రోజ్ ఎక్కిస్తారు, సర్కారు ఆసుపత్రిలోనే. అది పరీక్ష చేసి, లెక్క కట్టి, పక్కన మనిషి ఉండి పెట్టే మందు. అలాగే మాంసం, గుడ్డు ముట్టనివాళ్ళకూ, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళకూ బీ12 తగ్గొచ్చు. అరికాళ్ళు తిమ్మిర్లెక్కుతుంటే అడగండి. దానికి కండకు సూది చాలు.

హైదరాబాద్‌లో మా మేనకోడలు ఉంటుంది, కంప్యూటర్ ఉద్యోగం. అక్కడ సోఫాలో కూర్చోబెట్టి విటమిన్ డ్రిప్ పెడతారట, వేల రూపాయలు. మన పసుపు సీసాకు పట్నం చుట్టం. అమెరికాలో మైయర్స్ అనే డాక్టరు పేరుతో మొదలైన పద్ధతి అది. నేను ఆమెను అడిగింది ఒక్కటే, రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావని. అయిదు, అంది.

ఐరన్ మాత్రలు ఆశమ్మ దగ్గర ఊరికే దొరుకుతాయి. టీతో వేసుకోకండి, ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్ళతో వేసుకోండి. విరేచనం నల్లగా వస్తే భయపడి మానేయకండి, అది ఇనుము రంగు. నెల వాడినా ఓపిక రాకపోతే థైరాయిడ్, షుగరు చూపించుకోండి. సాయంత్రం జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉంటే క్షయ ఉందేమో చూడడానికి కళ్లె పరీక్ష చేయించుకోండి. దిగులుతో నిద్ర పట్టక నీరసంగా ఉన్నా డాక్టరుకు చెప్పండి, అది కూడా జబ్బే.

వేపచెట్టు కింద మన ఏఎన్ఎం బల్ల వేసుకుని కూర్చుంది. వేలి మీద చిన్న సూది, ఒక చుక్క రక్తం, అంతే. నెలసరి ఎక్కువ అవుతున్నవాళ్ళు నా దగ్గరికి విడిగా రండి, మాట బయటికి పోదు. గర్భిణులు ముందు లేవండమ్మా. మెల్లగా, తోసుకోకుండా.