కొమ్మ మీద కాపురం

శ్రోతలకు నమస్కారం. పాము ఇల్లు అనగానే మనకు పుట్ట గుర్తొస్తుంది. ఇవాళ నేను చెప్పబోయే పాముకి పుట్టతో పనే లేదు. దక్షిణ అమెరికాలో గయానా, సూరినామ్ వైపు వాన అడవుల్లో చెట్ల మీద బతికే ఆకుపచ్చ బోవా ఇది. దండెం మీద తడి తువ్వాలు ఆరేసినట్టు ఒంటిని కొమ్మకు అటూ ఇటూ వేలాడేసి, మెలికల నడుమ తల పెట్టుకుని పగలంతా కదలదు. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలు ఎర్రగానో నారింజ రంగులోనో పుట్టి, తర్వాత మెల్లగా పచ్చబడతాయి. విషం లేదు. కానీ ముందు పళ్లు బాగా పొడవు, కరిస్తే రక్తం కారుతుంది.

అమెరికా, యూరప్‌లలో దీన్ని ఇళ్లలో పెంచుతారు. మన దేశంలో ముందు కాగితాల సంగతి చూసుకోవాలి. బోవాలన్నీ సైటిస్ జాబితాలో ఉన్నాయి, అంటే అడవి జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఇలాంటి విదేశీ జంతువును నమోదు చేయించాల్సిందే. మన పొలాల్లో కనిపించే రెండు తలల పామునో, కొండచిలువనో తెచ్చి పెంచుకోవడం మాత్రం నేరం.

ఇక పామును ఉంచే పెట్టె. పెద్దయ్యాక ఈ పాము ఐదారు అడుగులు ఉంటుంది. మూడడుగుల ఎత్తు, దాదాపు అంతే వెడల్పు ఉంటే బాగుంటుంది. ఎత్తు ఒక్కటే చూసి సన్నటి బీరువా లాంటిది కొంటే లాభం లేదు, ఎందుకంటే పాము పడుకునేది అడ్డ కొమ్మ మీద. ఆ కొమ్మ దాని ఒళ్లంత లావుండాలి. ఒకటి వెచ్చని చోట, ఒకటి చల్లని చోట, వేర్వేరు ఎత్తుల్లో బిగిస్తే తనకు నచ్చింది తనే ఎంచుకుంటుంది.

వేడి పైనుంచి రావాలి. హీటర్‌కి జాలీ, వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్ లేకపోతే పాము ఒళ్లు కాలుతుంది. వెచ్చని వైపు 29 డిగ్రీలు, చల్లని వైపు 25 చాలు. మన ఊళ్లలో మే నెల వచ్చిందంటే కథ తిరగబడుతుంది. అప్పుడు టెన్షనంతా చల్లబరచడం గురించే, కరెంటు పోతే మరీను.

చాలామంది తప్పు చేసేది తేమ దగ్గర. వాన అడవి పాము కదా అని పెట్టెని నాలుగు వైపులా మూసేసి, ఎప్పుడూ చెమ్మగా ఉంచుతారు. బూజు పడుతుంది, పాముకి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. అడవిలో వాన వెలిశాక గాలి కూడా వీస్తుంది కదా! సాయంత్రం నీళ్లు చిలకరించండి, తెల్లారేసరికి ఆకులు ఆరాలి. అలాగని పూర్తిగా పొడిబారితే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. చిలకరించినప్పుడు చూడండి, తన మెలికల్లో నిలిచిన చుక్కల్ని తనే తాగుతుంది. నీళ్ల గిన్నె కూడా కొమ్మకు దగ్గరగా, ఎత్తులో పెట్టాలి.

తిండి తక్కువే. రెండు మూడు వారాలకో చచ్చిన ఎలుక. ముద్దుకొద్దీ ఎక్కువ పెడితే కక్కేస్తుంది.

ఇంకో చిన్న కిటుకు. కొమ్మల్ని మేకులతో కొట్టేయకుండా, ఊడదీసేలా కొక్కేల మీద ఆనించండి. శుభ్రం చేసే రోజున పామును లాగితే కొమ్మను మరింత గట్టిగా చుట్టేసుకుంటుంది. అందుకని కొమ్మతో సహా ఎత్తి పక్కన పెట్టేయొచ్చు. దాని నిద్ర కూడా చెడదు.