రెండో కుర్చీలో ఛాంపియన్

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఇంత చలిలో పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం ‘క్రీడలు – వ్యక్తిత్వ వికాసం’. దాని మీద మాట్లాడగలవాళ్లు ఈ హాలులోనే చాలామంది ఉన్నారు, వాళ్లు మాట్లాడతారు. నేను మన పిల్లల కుస్తీ క్లబ్బులోని ఒక అసిస్టెంట్ కోచ్ గురించి చెప్పడానికి వచ్చాను.

ఈ రోజు సన్మానాల జాబితా చూశాను. కుస్తీలో రాణించిన మన పిల్లల పేర్లున్నాయి, హెడ్ కోచ్ గారి పేరుంది, దాతల పేర్లున్నాయి. అసిస్టెంట్ కోచ్ పేరు లేదు. నిరుడూ లేదు. నిరుడు భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి, నాకు ఆప్తులే, ఆయనను దూరం నుంచి చూపిస్తూ నన్నడిగారు: “కాలేజీలో ఛాంపియన్ అంటున్నావు, మరి ఇంకా అసిస్టెంటుగానే ఉన్నాడేమిటి పాపం?” ఆ జాలి నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. అప్పుడు చేతిలో పళ్లెం ఉంది, వెనక వరస ఉంది, జవాబు చెప్పే వీలు లేకపోయింది. ఇప్పుడు చెబుతాను.

మనం ఉంటున్నది అమెరికాలోని అయోవా రాష్ట్రంలో. ఇక్కడ కుస్తీ గురించి మాట్లాడాలంటే డాన్ గేబుల్ పేరు ఎత్తకుండా కుదరదు. ఇక్కడి వాటర్లూ ఊరి కుర్రాడు. హైస్కూలు, కాలేజీ కలిపి వరసగా 181 పోటీలు గెలిచాడు. 1970లో తన ఆఖరి కాలేజీ పోటీలో, జాతీయ ఫైనల్లో, వాషింగ్టన్ యూనివర్సిటీ విద్యార్థి లారీ ఓవింగ్స్ చేతిలో 13–11తో ఓడిపోయాడు. ఆ రెండు దశల్లోనూ అదొక్కటే ఓటమి. మరుసటి ఏడాది ప్రపంచ ఛాంపియన్. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ప్రత్యర్థులకు ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా స్వర్ణం గెలిచాడు. ఇది మీలో చాలామందికి తెలుసు. మ్యూనిక్ నుంచి తిరిగొచ్చాక ఆయన చేరిన ఉద్యోగం ఏమిటో ఎంతమందికి తెలుసు?

అసిస్టెంట్ కోచ్. అదీ తాను చదువుకున్న, ఏమ్స్ ఊళ్లోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో కాదు, బద్ధ ప్రత్యర్థి అయిన అయోవా యూనివర్సిటీలో, గ్యారీ కర్డెల్మయర్ కింద. 1976లో కర్డెల్మయర్ తప్పుకుని పగ్గాలు అప్పగించేదాకా గేబుల్ రెండో మనిషే. తర్వాత హెడ్ కోచ్‌గా 1997 వరకు ఆయన గెలిపించిన 15 జాతీయ టైటిళ్లే అందరూ లెక్కపెడతారు. అంతకు ముందే, 1975లోనూ 1976లోనూ అయోవా జాతీయ విజేత అయింది. అప్పుడు పిల్లలతో పాటు మ్యాట్ మీద చెమటోడ్చింది ఈ సహాయకుడే. ఒలింపిక్ స్వర్ణం ఇంట్లో పెట్టుకుని, సాధన గదిలో ఒకరి తర్వాత ఒకరితో తానే స్వయంగా తలపడేవాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఛాంపియన్ అయినవాడు అసిస్టెంటుగా ఉంటే అది పడిపోవడం కాదు. ఆ పనికి ఛాంపియనే కావాలి.

మన క్లబ్బు సాధన గదిని మీలో ఎందరు లోపలికి వెళ్లి చూశారు? మా అబ్బాయిని దింపి వచ్చేసే రోజుల్లో నేనూ చూడలేదు. ఒక సాయంత్రం మంచు తుపాను వచ్చి కారు తీయలేక అక్కడే గోడవారగా కూర్చున్నాను. సింగిల్ లెగ్ నేర్పుతున్నారు. అంటే ప్రత్యర్థి ఒక కాలు ఒడిసిపట్టి పడగొట్టడం. హెడ్ కోచ్ గారు ఈల మెడలో వేసుకుని గది మధ్యలో నిలబడి అందరినీ గమనిస్తున్నారు. ఈ అసిస్టెంట్ కోచ్ మాత్రం ఒక బక్క పిల్లవాడి ముందు నిలబడి, తన కుడికాలు ముందుకు పెట్టి, “పట్టుకో” అన్నారు. వాడు పట్టుకున్నాడు. తల కిందికి వాలిపోయింది. ఆయన అరచేత్తో వాడి గడ్డం పైకెత్తి, చెవి తన పక్కటెముకలకు ఆనేలా సరిచేసి, “ఇప్పుడు నడువు” అన్నారు. వాడు నడిచాడు. ఆయన పడ్డారు. లేచి మళ్లీ కాలు ముందుకు పెట్టారు. మళ్లీ పడ్డారు. కాలేజీ రోజుల్లో ఈయనను పడగొట్టడానికి దేశంలోని మేటి మల్లయోధులు నానా తంటాలు పడ్డారు. ఆ మనిషి ఇప్పుడు పదమూడేళ్ల పిల్లవాడి చేతిలో గంటసేపు పడుతూనే ఉన్నారు.

ఊరికే పడటం కాదు, జాగ్రత్తగా వినండి. పిల్లవాడు సరిగ్గా పట్టుకుంటే ఆయన కూలారు. తల వాల్చినా, మోకాలు వెనకబడినా కదలకుండా బండలా నిలబడ్డారు. తప్పు ఎక్కడుందో నోటితో చెప్పనక్కర్లేదు, ఒంటితో చెప్పారు. ఎంత బరువు మోపితే వాడు నేర్చుకుంటాడో, ఎంత మోపితే వాడికి దెబ్బ తగులుతుందో ఆ తేడా తెలియాలంటే ఆ పట్టును వేలసార్లు స్వయంగా అనుభవించి ఉండాలి. కుస్తీలో ఒరుసుకుని ఒరుసుకుని ముద్దకట్టిపోయిన ఆయన చెవులు చూసి మన పిల్లలు నవ్వుతారు. అమ్మా, మీ పిల్లలకు చెప్పండి. ఆ చదువు అలా వంటి మీద రాసి ఉంటుంది.

మా విజయనగరంలో కోడి రామ్మూర్తి నాయుడు గారిని తలచుకుంటే అందరూ ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకున్న సర్కస్ కథే చెబుతారు. అదే ఊళ్లో ఆయన బడిపిల్లలకు వ్యాయామం నేర్పించిన సంగతి ఎవరూ ఎత్తరు. మన అలవాటే అది. సరే, కాలం అయిపోతోందని అధ్యక్షులు గారు చూస్తున్నారు. ఇంకో రెండు మాటలు, ముఖ్యమైనవి.

ఒకటి బరువు సంగతి. తల్లులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, వాళ్ల భయం న్యాయమైనదే. 1997లో నవంబరు, డిసెంబరు నెలల్లో ఈ దేశంలో ముగ్గురు కాలేజీ మల్లయోధులు, కింది బరువు తరగతిలో ఆడేందుకు బరువు తగ్గే ప్రయత్నంలో చనిపోయారు. ఒంట్లో నీరంతా చెమటగా పోయేలా చేసుకుని. తర్వాత రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించారు, బరువు తూచే వేళను పోటీకి దగ్గరగా జరిపారు, ఒంట్లో నీటి శాతం పరీక్షించాకే కనీస బరువు నిర్ణయించడం మొదలైంది. నియమాలు కాగితం మీద ఉంటాయి. పిల్లవాడు మధ్యాహ్నం తిన్నాడా లేదా, మొహం ఎందుకు పీక్కుపోయింది అని చూసేది రోజూ వాడిని పట్టుకుని తలపడే మనిషే. మా వాడు కింది తరగతిలో ఆడతానని మొండికేసి తిండి మానేస్తే, పై తరగతిలోనే ఆడాలని తేల్చి చెప్పి, మాకు ఫోను చేసింది ఈయనే.

రెండోది డబ్బు. మొదటి శ్రేణి యూనివర్సిటీల్లో కూడా 2023 దాకా ‘వాలంటీర్ కోచ్’ అనే హోదా ఒకటి నడిచింది. జీతం లేని కోచ్ అన్నమాట. జాతీయ ఛాంపియన్లు సైతం ఆ హోదాలో పనిచేశారు. ఆ ఏడాది జులైలో దాన్ని ఎత్తేశారు. యూనివర్సిటీలలోనే అలా ఉంటే, మన పిల్లల క్లబ్బు సంగతి చెప్పాలా? ఈయన పగలు వేరే ఉద్యోగం చేసుకుంటారు. వేసవి టోర్నమెంట్లకు పెట్రోలు తన జేబులోంచి పోసుకుంటారు. ప్రాక్టీసు అయ్యాక, తామర అంటకుండా మ్యాట్లను మందునీళ్లతో తుడిచేదీ ఆయనే.

నన్ను అడిగిన ఆ పెద్దమనిషి ఈ రోజూ వచ్చారు, సంతోషం. బాబాయ్ గారూ, టెర్రీ బ్రాండ్స్ పేరు వినండి. 1990, 1992లలో కాలేజీ ఛాంపియన్, 1993, 1995లలో ప్రపంచ ఛాంపియన్, సిడ్నీలో ఒలింపిక్ కాంస్యం. 2006లో ఆయన కవల సోదరుడు టామ్ మన అయోవా యూనివర్సిటీకి హెడ్ కోచ్ అయ్యాడు. రెండేళ్లకు టెర్రీ వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాడు. పోటీ జరిగేటప్పుడు మ్యాట్ మూలన కోచ్‌లకు రెండు కుర్చీలుంటాయి. రెండో కుర్చీ మీద ఎవరికీ జాలి అక్కర్లేదు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు కూడా చెబుతున్నాను. 2024లో అయోవా అమ్మాయిల జట్టు తన మొదటి సీజనులోనే జాతీయ విజేత అయింది. మన క్లబ్బులో అమ్మాయిలు పెరుగుతున్నారు, వాళ్లకు నేర్పడానికి కాలేజీలో ఆడిన ఒక అమ్మాయిని సహాయ కోచ్‌గా తెచ్చుకోవాలి. ఉచితంగా రమ్మని అడగడానికి నాకు నోరు రాదు.

అందుకే కోశాధికారి గారిని అడుగుతున్నాను. ఈ ఏడాది శాలువాలకు, జ్ఞాపికలకు పెట్టిన డబ్బులో సగం క్లబ్బు అసిస్టెంట్ కోచ్‌ల ప్రయాణ ఖర్చులకు, పారితోషికానికి కేటాయించాలని ప్రతిపాదిస్తున్నాను. చాలకపోతే మిగతాది నేనూ, నాలాంటి తండ్రులు మరికొందరూ వేసుకుంటాం. బలపరిచేవాళ్లు చేతులెత్తండి. భోజనాలకు లేవకముందే ఇది తేల్చండి.