సిల్వియా రాబిన్సన్: మైకు ముందు, అద్దం వెనక

మిత్రులందరికీ నమస్కారం.

ర్యాప్, అంటే తాళానికి తగ్గట్టు ప్రాసల మాటలు విసిరే పాట. దాని చరిత్ర ఎవరు చెప్పినా న్యూయార్క్‌లోని బ్రాంక్స్ కుర్రాళ్లతో మొదలుపెడతారు. అందులో తప్పేం లేదు. కానీ ఆ కుర్రాళ్ల ఆటను రికార్డుగా మలిచి దేశమంతా అమ్మింది నలభై దాటిన ఒక సోల్ (నల్లజాతి అమెరికన్ల సంగీతంలో ఒక రకం) గాయని, ముగ్గురు కొడుకుల తల్లి. ఆవిడ పేరు సిల్వియా రాబిన్సన్.

న్యూయార్క్‌లోనే ఉన్న హార్లెమ్‌లో పెరిగిన సిల్వియా పద్నాలుగేళ్లకే రికార్డులకు పాడటం మొదలుపెట్టింది. తనకు గిటార్ నేర్పిన మిక్కీ బేకర్‌తో కలిసి పాడిన 'లవ్ ఈజ్ స్ట్రేంజ్' 1957లో రిథమ్ అండ్ బ్లూస్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. 1961లో గాయక జంట ఐక్, టీనా టర్నర్‌ల హిట్ 'ఇట్స్ గోనా వర్క్ అవుట్ ఫైన్' వచ్చింది. అందులో గిటార్ వాయించిందీ, ఆ రికార్డు చేయించిందీ తానేనని సిల్వియా తర్వాత చెప్పుకుంది. రికార్డు మీద మాత్రం ఆవిడ పేరు లేదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

తర్వాత భర్త జోతో కలిసి న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్‌లో సొంత రికార్డు కంపెనీ పెట్టింది. ఎవరితో పాడించాలి, ఏ వేగంలో వాయించాలి, ఏ టేకు ఉంచాలి అన్నీ ఆవిడే చూసుకునేది. 'పిల్లో టాక్' పాట రాసి సోల్ గాయకుడు అల్ గ్రీన్‌కు పంపితే, మరీ శృంగారంగా ఉంది, నా భక్తికి సరిపడదని ఆయన వద్దన్నాడు. అయితే నేనే పాడతానంది. గుసగుసలాడుతున్నట్టు పాడిన ఆ పాట 1973లో పాప్ చార్టులో మూడో స్థానం దాకా వెళ్లింది.

1979 నాటికి కంపెనీ పరిస్థితి బాగా దిగజారింది. అప్పుడు హార్లెమ్‌లో ఒక క్లబ్బులో డీజే పాట మీద మాటలు విసురుతుంటే జనం ఊగిపోవడం చూసింది. చాలామంది దాన్ని పార్టీ సందడి అనుకున్నారు. ఆవిడకు మాత్రం అది రికార్డులా వినిపించింది. వేదిక మీద పెరిగిన మనిషి కదా, జనం ఎక్కడ లొంగుతారో తెలుసు! పిజ్జా షాపులో పనిచేసే హ్యాంక్ అనే కుర్రాణ్ణి కారులో కూర్చోబెట్టి ర్యాప్ చేయించి విన్నారు. ఇంకో ఇద్దరు కుర్రాళ్లు తోడయ్యారు. షీక్ బృందం పాట 'గుడ్ టైమ్స్' వరసను స్టూడియోలో మళ్లీ వాయించి, దాని మీద దాదాపు పదిహేను నిమిషాల 'రాపర్స్ డిలైట్' చేశారు. అంత పొడుగు పాటను ఏ రేడియో వేస్తుంది? వేశాయి. అమెరికా పాప్ చార్టులో 36వ స్థానం దాకా వెళ్లింది. తమ కొత్త రికార్డు కంపెనీకి హార్లెమ్‌లోని పేట పేరే, షుగర్ హిల్ అని పెట్టుకున్నారు.

ఇక్కడే నాకు మింగుడుపడని విషయం ఉంది. హ్యాంక్ పాడిన మాటల్లో చాలా భాగం బ్రాంక్స్ ర్యాపర్ గ్రాండ్‌మాస్టర్ క్యాజ్‌వి. ఆయనకు పేరూ రాలేదు, డబ్బూ రాలేదు. కోర్టుకెళతామన్న షీక్ వాళ్ల పేర్లు మాత్రం రచయితలుగా చేరాయి. తన పేరు లేని రికార్డు బాధేమిటో తెలిసిన మనిషే కంపెనీ నడుపుతున్నప్పుడు ఇలా జరిగింది. వ్యాపారం అంతే అని సరిపెట్టుకోవడం నా వల్ల కాదు.

అయినా పాటను పసిగట్టే ఆవిడ చెవిని కాదనలేం. 1982లో షుగర్ హిల్ స్టూడియో వాద్యకారుడు ఎడ్ ఫ్లెచర్ 'ద మెసేజ్' తెచ్చినప్పుడు, అదే కంపెనీకి పాడే డీజే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ ర్యాప్ బృందానికి అది నచ్చలేదు. డాన్సు చేయడానికొచ్చిన వాళ్లకు పేదవాడల గోడు ఎందుకన్నారు. సిల్వియా పట్టుబట్టింది. చివరికి ఆ బృందంలో మెలీ మెల్ ఒక్కడే ఫ్లెచర్‌తో కలిసి పాడాడు. ఫ్లాష్ పాత్ర లేకపోయినా ఆయన పేరుతోనే పాట వచ్చింది. మరుసటి ఏడే రాయల్టీల (అమ్మకాల్లో కళాకారులకు రావాల్సిన వాటా) గొడవ కోర్టుకెక్కింది. 1980ల మధ్యలో షుగర్ హిల్ మూతపడింది. సిల్వియా 2011లో కన్నుమూసింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 2022లో గానీ ఆవిడను గౌరవించలేదు.

ఇప్పుడు 'ద మెసేజ్' ఏడు నిమిషాలూ పూర్తిగా వినిపిస్తాను. ఆనాటి డాన్సు పాటలకంటే ఇది ఎంత నెమ్మదిగా నడుస్తుందో గమనించండి. ప్రశ్నలు ఆ తర్వాత తీసుకుంటాను.