సెలవులో విదేశీ మారథాన్: ముందు పరుగు, తర్వాతే ఊరు

[తెర మీద: ఫోన్‌లో అడుగుల లెక్క, 20,000]

రేపు పొద్దున మారథాన్. ఇప్పుడు శనివారం సాయంత్రం. ఫోన్‌లో అడుగుల లెక్క ఇరవై వేలు దాటింది. అంటే దాదాపు పద్నాలుగు కిలోమీటర్లు నడిచేశారన్నమాట. మ్యూజియం, ఎక్స్‌పో (రేసు నంబర్లు ఇచ్చే ప్రదర్శన), మెట్రో మెట్లు, మధ్యలో ఫోటోలు. రేపు 30వ కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేస్తే ట్రైనింగ్ సరిపోలేదనుకుంటారు. ట్రైనింగ్ బాగానే ఉంది. దెబ్బ తీసింది ఈ శనివారం.

అందుకే సెలవుల ప్లాన్‌లో మొదట తేల్చుకోవాల్సింది రోజుల వరుస. రేసు ముందు, ఊరు చూడటం తర్వాత.

మరి ఎన్ని రోజుల ముందు దిగాలి? టైమ్ జోన్ ఒక గంట మారితే శరీరం సర్దుకోవడానికి సుమారు ఒక రోజు పడుతుంది. తూర్పుకు వెళ్తే ఇంకాస్త కష్టం, ఎందుకంటే మామూలు కంటే ముందే నిద్రపోవాలి. పడమరకు వెళ్తే కొంచెం ఆలస్యంగా పడుకుంటే చాలు, అది శరీరానికి తేలిక. తేడా రెండు మూడు గంటలే అయితే గురువారం దిగినా పర్వాలేదు. ఐదారు గంటలు దాటితే మంగళవారానికో బుధవారానికో అక్కడ ఉండాలి. బయల్దేరే ముందు మూడు రోజులు, రోజుకో గంట చొప్పున నిద్ర సమయాన్ని జరుపుతూ వస్తే సగం పని ఇంట్లోనే అయిపోతుంది. ముందుగా దిగిన రోజుల్లో రేసు మొదలయ్యే సమయానికే లేచి, ఇరవై ముప్ఫై నిమిషాలు తేలిగ్గా పరుగెత్తండి. మిగతా పగలంతా కాళ్లకు విశ్రాంతి. చూడాల్సినవి ఎన్ని ఉన్నా సోమవారం తర్వాతే. బోస్టన్‌కు వెళ్తే మాత్రం మంగళవారం తర్వాత, ఎందుకంటే ఆ రేసు ఏప్రిల్ మూడో సోమవారం, అక్కడి పేట్రియట్స్ డే సెలవు రోజున జరుగుతుంది.

[తెర మీద: పాస్‌పోర్ట్, దాని పక్కన ఎంట్రీ కన్ఫర్మేషన్]

రేసులో ఎంట్రీ ఖాయమయ్యేదాకా విమానం టికెట్ కొనకండి. లండన్, టోక్యో, బెర్లిన్ లాంటి చోట్ల ఎక్కువమందికి లాటరీలోనే దొరుకుతుంది. బోస్టన్‌కు ఎక్కువమందికి క్వాలిఫయింగ్ టైమ్ కావాలి, అంటే అంతకుముందే ఒక మారథాన్‌ను వాళ్లు పెట్టిన సమయంలోపు పూర్తి చేసి ఉండాలి. హోటల్ మాత్రం ముందే బుక్ చేసుకోవచ్చు, రద్దు చేసుకునే వీలున్నదైతేనే. రిజిస్ట్రేషన్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి. బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే రేసు నంబరు) ఇచ్చేటప్పుడు సరిచూసేది దాన్నే.

ఆరోగ్యం కాగితాలు దేశాన్ని బట్టి మారతాయి. ఇటలీలో పోటీ రేసులకు డాక్టర్ సంతకం చేసిన సర్టిఫికెట్ అడుగుతారు. ఫ్రాన్స్‌లో ఆన్‌లైన్‌లో ఆరోగ్య జాగ్రత్తల పాఠం పూర్తిచేసి, దానికి ఇచ్చే నంబరు చూపించాలి. ఇవి లేకపోతే అంత దూరం వెళ్లి కూడా బిబ్ లేకుండా తిరిగి రావాల్సి వస్తుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో కూడా ఒక్క లైను వెతకండి: పోటీ పరుగులకు కవరేజీ ఉందా, లేదా?

పెద్ద రేసుల్లో చాలావాటికి రేసు పొద్దున బిబ్ ఇవ్వరు. ఎవరి బిబ్ వాళ్లే, ఎక్స్‌పో మూసేలోపు వెళ్లి తీసుకోవాలి. కాబట్టి శనివారం దిగే విమానం ఎక్కడం పెద్ద జూదం. ఎక్స్‌పోకి గురువారమో శుక్రవారమో వెళ్లి, బిబ్, టైమ్ నమోదు చేసే చిప్, బ్యాగ్ చేతికి రాగానే బయటికి వచ్చేయండి. స్టాళ్ల మధ్య రెండు గంటలు నిలబడితే కాళ్లలో సత్తువంతా అక్కడే పోతుంది.

ఇక సామాను. బూట్లు, సాక్సులు, రేసు బట్టలు, వాచీ, దాని ఛార్జర్ అన్నీ క్యాబిన్ బ్యాగ్‌లోనే పెట్టుకోండి. లగేజీ ఆలస్యమైతే సూట్‌కేసులో ఉన్నవన్నీ కొత్తగా కొనుక్కోవచ్చు. అలవాటైన బూట్లు మాత్రం ఎక్కడా కొనలేరు. పరుగులో శక్తి కోసం మింగే జెల్స్‌ను భద్రతా తనిఖీలో ద్రవాలుగానే లెక్కేస్తారు. ఒక్కోటి 100 మిల్లీలీటర్లు మించకుండా, అన్నీ కలిపి లీటరు సంచిలో పట్టేలా చూసుకోండి. ఇంకా మిగిలితే సూట్‌కేసులో వేయండి.

హోటల్ స్టార్ట్ దగ్గరా, ఫినిష్ దగ్గరా? మేము ఫినిష్ వైపే మొగ్గుతాం. పొద్దున తాజా కాళ్లతో ఎంత దూరమైనా వెళ్లొచ్చు. 42 కిలోమీటర్ల తర్వాత మెట్రో మెట్లు దిగడం నరకం. పైగా రోడ్లు మూసేస్తారు కాబట్టి ట్యాక్సీ కూడా దగ్గరికి రాదు. బెర్లిన్‌లో స్టార్టూ ఫినిషూ దగ్గరదగ్గరే ఉంటాయి కాబట్టి ఈ బెంగ లేదు.

[తెర మీద: స్టేటెన్ ఐలాండ్, తెల్లవారుజాము, చలి]

న్యూయార్క్ దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే అక్కడ పరుగు కంటే ఎదురుచూపు కష్టం. స్టార్ట్ స్టేటెన్ ఐలాండ్‌లో, ఫినిష్ సెంట్రల్ పార్క్‌లో. బస్సులోనో ఫెర్రీలోనో చీకటితోనే బయల్దేరాలి. మీ వేవ్ (విడతల వారీగా వదిలే గుంపు) కదిలేసరికి మూడు నాలుగు గంటలు ఆరుబయట, నవంబరు చలిలో గడిచిపోతాయి. పాత స్వెటర్, పాత ప్యాంటు, చవక గ్లవ్స్, పొడవాటి ప్లాస్టిక్ కవరు, కింద వేసుకుని కూర్చోవడానికి అట్టముక్క తీసుకెళ్లండి. పరుగు మొదలయ్యే ముందు అక్కడే విప్పేసే బట్టల్ని సేకరించి దానం చేస్తారు. హోటల్లో నాలుగింటికి తిన్నది పదింటికల్లా అరిగిపోతుంది. అందుకే అలవాటైన తిండి ఇంకొంత పొట్లం కట్టుకుని, స్టార్ట్‌కు రెండు గంటల ముందు తినండి.

ఇంకో సంగతి. ఆ రేసు నవంబరు మొదటి ఆదివారం. సరిగ్గా ఆ తెల్లవారుజామునే అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి. ఫోన్ తనంతట తనే సర్దుకుంటుంది, హోటల్ గదిలోని గడియారం సర్దుకోకపోవచ్చు. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం దీనికి తలకిందులు. అక్కడ ఒక గంట నిద్ర పోతుంది.

[తెర మీద: రోడ్డు మీద నీలి గీత, పక్కన వాచీ]

ఇప్పుడు చాలామందికి టైమ్ తప్పే చోటు. వాచీ 42.2 కిలోమీటర్లు, అంటే మారథాన్ మొత్తం దూరం చూపిస్తుంది, ఫినిష్ ఇంకా కనపడదు. రూట్ తప్పేమీ కొలవలేదు. మలుపుల్లో అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, వీలైనంత దగ్గరి దారిలో కొలుస్తారు. కొన్ని రేసుల్లో రోడ్డు మీద కనిపించే నీలి గీత ఆ దారిదే. గుంపులో అటూ ఇటూ తప్పుకుంటూ పరుగెత్తేవాళ్లు నాలుగైదు వందల మీటర్లు ఎక్కువే పరుగెత్తుతారు. షికాగో, న్యూయార్క్ లాంటి చోట్ల ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ కూడా తడబడుతుంది.

లెక్క చూడండి. 4 గంటల్లో పూర్తి చేయాలంటే కిలోమీటరుకు 5:41, అంటే 5 నిమిషాల 41 సెకన్లు. కానీ వాచీ లెక్కలో మీరు 42.6 పరుగెత్తుతారనుకుంటే, వాచీలో 5:38 కనపడాలి. ఆ మూడు సెకన్లు పట్టించుకోకపోతే చివర్లో రెండు నిమిషాలకు పైగా పోతాయి. వాచీ తనంతట తనే కిలోమీటర్లు లెక్కేసే ఆటో ల్యాప్ ఆపేసి, దారిలో దూరం చూపే ప్రతి బోర్డు దగ్గరా ల్యాప్ బటన్ మీరే నొక్కడం మంచిది. అమెరికా, లండన్ రేసుల్లో బోర్డులు మైళ్లలో ఉంటాయి. మైలు అంటే 1.609 కిలోమీటర్లు. కిలోమీటరుకు 6:00 అంటే మైలుకు సుమారు 9:39. మీ లక్ష్యం మైళ్లలో ఎంతో ముంజేతి మీద పెన్నుతో రాసుకోండి. అలసిన బుర్ర గుణకారం చేయలేదు.

నెమ్మదిగా పరుగెత్తేవాళ్లు కటాఫ్, అంటే పూర్తి చేయాల్సిన గడువు చూసుకోవాలి. టోక్యోలో మొత్తం గడువు 7 గంటలే అయినా, దారిలో ఒక్కో చోటు దాటడానికి ఒక్కో గడువు ఉంటుంది. లెక్క గన్ టైమ్‌తోనే, అంటే రేసు మొదలైన క్షణం నుంచే. వెనక వేవ్‌లో నిలబడిన నిమిషాలూ అందులోనే పోతాయి.

గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక జెల్‌లో సాధారణంగా 20 నుంచి 25 గ్రాములు ఉంటుంది, కాబట్టి గంటకు రెండు. వాటిని మంచినీళ్లతోనే మింగండి. స్పోర్ట్స్ డ్రింక్‌తో కలిపితే కడుపు తిప్పుతుంది. రూట్‌లో ఏ డ్రింక్ ఇస్తారో ముందే కనుక్కుని, లాంగ్ రన్లలో అదే తాగి చూడండి. దాహానికి మించి నీళ్లు తాగకండి, రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రమాదం.

ఫినిష్ అయ్యాక కూర్చుండిపోవద్దు, మెల్లగా నడుస్తూ ఉండండి. ఆ రాత్రికే సుదూర విమానం పెట్టుకోకండి. ఒంట్లో నీరు తగ్గి, కండరాలు దెబ్బతిని ఉన్నప్పుడు గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. తిరుగు ప్రయాణంలో నడవా పక్క సీటు తీసుకుని గంటకోసారి లేవండి.

ఇక ఊరు చూడండి, కానీ కోటలూ గోపురాలూ మొదటి రోజే వద్దు. నొప్పులు రెండో రోజుకి ఇంకా ముదురుతాయి, ఎక్కడం కంటే దిగడం కష్టమవుతుంది. మొదటి రెండు రోజులూ పడవ ప్రయాణాలు, కూర్చుని చూసేవి పెట్టుకోండి. మెట్లు నాలుగో రోజుకి. మెడల్ క్యాబిన్ బ్యాగ్‌లోనే పెట్టండి. స్కానర్ దగ్గర ఆపితే తీసి చూపిస్తే సరిపోతుంది.