ఒక్క ఓటూ అడగకుండా శాసనసభకు: తైవాన్ హుంగ్ సున్-హాన్ రాజకీయం

(తెరపై: తైవాన్ శాసనసభ భవనం)

"జనం ఓట్లేసి గెలిపించిన పర్యావరణ ఉద్యమకారుడు, సీటెక్కగానే పార్టీ పాట పాడాడు." హుంగ్ సున్-హాన్ గురించి ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. ఎందుకంటే ఆయన పేరుతో ఓటే పడలేదు. ముందు ఈ ముడి విప్పుకుందాం.

తైవాన్ శాసనసభలో 113 సీట్లు. 73 నియోజకవర్గాలవి, 6 ఆదివాసీలవి. మిగతా 34 పార్టీ జాబితాలవి. ఓటరు పార్టీకి విడిగా ఇంకో ఓటు వేస్తాడు. 5 శాతం దాటిన పార్టీలు ఆ 34 సీట్లనీ దామాషాలో పంచుకుంటాయి.

దీన్ని పెళ్లివారి బస్సు అనుకోండి. టికెట్ ఉండదు. ఎవరు ఎక్కాలో, ఏ వరసలో కూర్చోవాలో పెళ్లివారే చెబుతారు. అణువిద్యుత్తుకి వ్యతిరేకంగా ఏళ్ల తరబడి పోరాడిన గ్రీన్ సిటిజన్స్ యాక్షన్ అలయెన్స్ నుంచి వచ్చిన హుంగ్‌ని 2020లో అప్పటి అధికార పక్షం డెమోక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీ రెండో వరసలో కూర్చోబెట్టింది. పార్టీకి 13 జాబితా సీట్లు వచ్చాయి, ఆయన సభకి వెళ్లిపోయారు.

నియోజకవర్గంలో డబ్బు, బలగం లేని ఇలాంటి మనిషికి వేరే దారి దాదాపు లేదు. అందుకే ఈ పద్ధతంటే నాకు గౌరవం. కానీ బస్సు పెళ్లివారిదే కదా! పార్టీ సభ్యత్వం పోతే సీటూ పోతుంది. నియోజకవర్గ సభ్యుణ్ణి ఓటర్లు రీకాల్ చేసి దించేయొచ్చు, జాబితా సభ్యుణ్ణి దించలేరు. అంటే రోడ్డు మీదివాళ్లు ఎంత అరిచినా బస్సు ఆగదు, లోపల పెద్దమనిషి కన్నెర్రజేస్తే మాత్రం దిగాల్సిందే.

(తెరపై: తావోయువాన్ తీరం, దాతాన్)

ఇప్పుడు అసలు పరీక్ష చూడండి. ఇక్కడ తీరం పొడవునా ఉన్న గట్టు పగడాలు కట్టింది కాదు. సున్నం పేర్చుకునే నాచు, పొర మీద పొరగా, వేల ఏళ్లు కట్టింది. సరిగ్గా అక్కడే ప్రభుత్వం గ్యాస్ టెర్మినల్, అంటే ఓడల్లో వచ్చే గ్యాస్ దించుకునే రేవు, తలపెట్టింది. గొడవ ముదిరాక, 2021లో దాన్ని సముద్రంలోకి ఇంకో 455 మీటర్లు జరుపుతామంది. ఆ డిసెంబర్ 18న రెఫరెండం, అంటే జనం నేరుగా తేల్చే ఓటింగ్, పెట్టారు. హుంగ్ అయితే ప్రభుత్వం వైపు నిలబడ్డారు, పాత సహచరులు మండిపడ్డారు. టెర్మినల్‌ని ఆ తీరం నుంచే వేరేచోటికి తరలించాలన్న ప్రతిపాదనకి 39 లక్షల ఓట్లు, వ్యతిరేకంగా 41 లక్షలకి పైగా.

నా మనసు ఆ నాచుగట్టు వైపే ఉంది. అయినా ఆయన్ని అమ్ముడుపోయాడనడం అన్యాయం. అణువిద్యుత్తు వద్దు, బొగ్గు తగ్గాలి అన్నప్పుడు మధ్యలో కొన్నేళ్లు గ్యాస్ కావాలన్నది ఆ శిబిరంలో చాలామంది లెక్క. బస్సు ఒత్తిడి ఉంది, నమ్మకమూ ఉంది. రెండూ కలిపి చూడాలి.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. 2023లో వాతావరణ చట్టం వచ్చింది. 2050 నాటికి నికర సున్నా ఉద్గారాలు, అంటే గాల్లోకి వదిలే కర్బన వాయువులకి, వెనక్కి తీసేవాటికి లెక్క సరిపోవాలన్న లక్ష్యం చట్టంలోకి ఎక్కింది. దానికోసం సభలో గట్టిగా పనిచేసినవాళ్లలో హుంగ్ ఒకరు. 2024లో మళ్లీ జాబితా నుంచే గెలిచారు. ఆ నవంబర్లో కార్మిక మంత్రి అయ్యారు. మన దగ్గర మంత్రిగా కొనసాగాలంటే చట్టసభ సభ్యత్వం ఉండాలి. అక్కడ తిరకాసు, రాజ్యాంగం రెండు పదవులూ ఒప్పుకోదు. సీటు వదిలేశారు.

ఇక ఆయన ఏళ్ల తరబడి పోరాడిన అణువిద్యుత్తు సంగతి. 2025 మే 17న తైవాన్‌లో చివరి అణు రియాక్టర్ ఆగింది. ఆగస్టు 23న దాన్ని మళ్లీ నడపాలా అని రెఫరెండం పెడితే 43 లక్షల మంది ఔనన్నారు, 15 లక్షల మంది కాదన్నారు. కానీ మొత్తం ఓటర్లలో పావువంతు, అంటే 50 లక్షల మంది ఔననాలి. అది చాలక వీగిపోయింది.